సముద్రానికి గడువు

జూన్ 5, 2006, సోమవారం

ఈ నవీన్ మనిషా, లౌడ్‌స్పీకరా? పొద్దున్న వాడి స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెట్టేసరికి గోడనిండా కొత్త చార్టు. నల్ల అక్షరాలు, ఎర్ర బాణాలు, బాణాల చివర పచ్చ గడియారాలు. ‘గెట్ బ్యాక్’, ‘సెట్ ఔట్’, ‘పుట్ ఆఫ్’, ‘హోల్డ్ ఆన్’. ఒక్కో క్రియ పక్కన దానికి పడే టైము మాట: ఎట్, బై, టిల్, ఇన్. చూస్తే ఇంగ్లీషు మీద ప్రేమ పుట్టదు, వాంతి వస్తుంది.

“మాస్టారూ, మధురవాడ కాల్‌సెంటర్ వాళ్ళు ఈసారి వీటిమీదే పరీక్ష పెడతారట. ఫోన్లో అవతలివాడు అడిగేది అదే కదా, ఎప్పుడు చేస్తావు, ఎప్పటికల్లా చేస్తావు అని. నెలాఖరుకి మన దగ్గర్నించి పదిమంది వెళ్ళాలి. మీరు రుద్దెయ్యండి,” అన్నాడు.

రుద్దెయ్యడానికి అవేమైనా అంట్లా?

నాకీ ముక్కలు చార్టుల్లో దొరకలేదు. ఓడలు ఆగే బెర్తు మీద దొరికాయి. పోర్టులో టాలీ క్లర్కుగా చేరిన కొత్తలో, అంటే ఓడలోంచి దిగే బస్తాలకి గీతలు గీసే రోజుల్లో, ఓ గ్రీకు ఓడ మేటు, కెప్టెన్ కింది ఆఫీసరు, డెక్కు మీంచి ‘నాక్ ఆఫ్ ఎట్ ఫోర్!’ అని కేకేశాడు. గ్యాంగు మేస్త్రీ నా మొహం చూశాడు, చదువుకున్నవాణ్ణి కదా అని. నాక్ అంటే కొట్టడం, ఆఫ్ అంటే అవతల. నాలుగింటికి ఎవణ్ణో కొట్టి అవతల పడెయ్యమంటున్నాడని చెప్పాను. “ఎవుణ్ణి బాబూ?” అని మేస్త్రీ మర్యాదగానే అడిగాడు. నాలుగింటికి పని ఆపి దిగిపొమ్మన్నాడని నాలుగయ్యాక తెలిసింది, ఓడవాళ్ళంతా దిగిపోతుంటే.

అప్పట్నించి నాకు నేనే తేల్చుకున్నాను. మన ‘ఆరింటికి’ వాళ్ళ ఎట్. ‘ఆరింటికల్లా’ వాళ్ళ బై. ‘ఆరింటిదాకా’ టిల్. ‘ఆరుగంటల్లో’ ఇన్. తెలుగులో ఈ నాలుగూ పసిపిల్లాడు కూడా కలిపెయ్యడు. అదే మనిషి ఇంగ్లీషులోకి వచ్చేసరికి అన్నీ ఒకే కుండలో పోసి తిప్పుతాడు. ఎందుకూ? ఆలోచించడు, చార్టు చూస్తాడు.

జూన్ 8

నవీన్ కొత్త నిబంధన పెట్టాడు. ఎవరి ఇంటి సంగతి వాళ్ళే చెప్పాలి, నిజం చెప్పాలి. ‘రియల్ లైఫ్’ అట. ఎవరైనా తప్పులేకుండా చెబితే అందరూ చప్పట్లు కొట్టాలి. బోర్డు మీద పది పేర్లు రాశాడు. తప్పినవాళ్ళ పేరు చెరిపేసి ఇంకొకరి పేరు రాస్తాడు. ఈ ఆట కనిపెట్టినవాడు సర్కస్‌లో ఉద్యోగం దొరక్క ఇలా తగలడ్డాడు.

పదిలో నాలుగో పేరు సూర్యకళ. జాలరిపేట పిల్ల. తల్లి గంగాలమ్మ చేపల బుట్ట మోస్తుంది, అన్న అప్పలరాజు ఫిషింగ్ హార్బర్ నించి బోటు మీద వేటకెళ్తాడు. తండ్రి లేడు. ఈ ఒక్క పరీక్షకే ఇంట్లో ఒప్పుకున్నారట, తప్పితే బుట్టేనట. ఆ మాట తనే చెప్పింది, ఏడుపు లేకుండా, బస్సు టైము చెప్పినట్టు. ఆరేళ్ళుగా ఈ గదిలో ఎందరినో చూశాను. చెవి ఉన్న పిల్ల ఇదొక్కతే.

జూన్ 12, సోమవారం

మొండిఘటం. నేను అడగరానిదేమీ అడగలేదు.

అందరూ వరసగా చెప్పారు. మా నాన్న ఫ్యాక్టరీ నించి ఏడింటికల్లా వస్తాడు, మా అక్క పెళ్ళి మాఘం దాకా వాయిదా వేశారు, ఇలాంటివి. ఒక్కొక్కడికీ చప్పట్లు. కోళ్ళగూట్లో పిల్లి దూరినట్టు. సూర్యకళ లేచి, నిన్న పొద్దున్న అన్న వేటకి బయల్దేరాడని ‘సెట్ ఔట్’ పెట్టి చక్కగా చెప్పింది.

“భేష్. ఎప్పటికల్లా తిరిగొస్తాడు? ‘గెట్ బ్యాక్’ పెట్టు, ‘బై’ పెట్టు.”

నోరు మూసేసింది.

“మా అమ్మ గురించి చెప్తాను మాస్టారూ. అమ్మ బజారు నించి పన్నెండింటికల్లా వస్తాది.”

“అన్నతో మొదలెట్టావు, అన్నతో పూర్తిచెయ్యి.”

“అన్న గురించి వద్దు మాస్టారూ.”

మళ్ళీ అడిగాను. తల దించుకుంది. గుమ్మంలో నవీన్, చేతిలో డస్టరు. “రాకపోతే చెరిపేద్దాం మాస్టారూ, వెనకాల క్యూ ఉంది,” అన్నాడు. నేను వాణ్ణి బయటికి పొమ్మనలేదు. జీతం వాడిస్తున్నాడు. మూడోసారి అడిగాను.

ఆ పిల్ల బోర్డు చూసింది, డస్టరు చూసింది, కిటికీ చూసింది. “మై బ్రదర్ విల్ గెట్ బ్యాక్ బై ఫ్రైడే,” అంది. వంక పెట్టడానికి లేదు. నా నాలుక మీద కూడా ఆ వాక్యం అంత శుభ్రంగా పలకదు.

చప్పట్లు.

అంత చిన్నమాటకి అంతసేపు ఎందుకు తీసుకుందో నాకు అర్థం కాలేదు.

జూన్ 13

సంగతి మా ఆవిడ రామలక్ష్మితో అన్నాను. పప్పులో తిరగమోత వేస్తున్నదల్లా ఆగిపోయింది.

“ఏటడిగావు మావా?”

“ఎప్పటికల్లా వస్తాడని. అందులో ఏముంది?”

“ఏటుందో నీకు తెల్దేటి? రేవు ఈదిలో ఉన్నప్పుడు మన పక్కింటి పోతమ్మని ‘మీ ఆయన ఎప్పుడొస్తాడు’ అని నువ్వడగలేదేటి? సెంబు నీళ్ళు నీ కాళ్ళమీద కుమ్మరించి ఇంట్లోకి పోలేదేటి? మనిషి నీళ్ళమీదున్నప్పుడు ఫలానా రోజుకి వస్తాడని ఇంటోళ్ళు నోట అనరు. అంటే సముద్రానికి గడువెట్టినట్టే. నువ్వే గదా ఈ కత సెప్పి ఊరందర్నీ నవ్వించేవోడివి!”

అది ఏనాటి మాట. గుర్తులేదన్నాను.

జూన్ 14

గుర్తుంది.

క్లాసులో గుర్తు రాలేదు, అంతే. గుర్తు రావడం వేరు, గుర్తుండడం వేరు. మూడోసారి అడిగేటప్పుడు లీలగా వచ్చిందేమో. వచ్చినా, అదొక మూఢనమ్మకం. చదువు చెప్పేవాడు వాటికి జడిస్తే ఎలా?

జూన్ 16, శుక్రవారం

సూర్యకళ వచ్చింది. గుమ్మం పక్కన కూర్చుంది. సెల్లు ఉన్న పిల్లని అడిగి ఎవరికో ఫోను చేసింది, మళ్ళీ చేసింది. నేనేమీ అడగలేదు. ‘హోల్డ్ ఆన్’ పాఠం చెప్పాను. దరిద్రంగా చెప్పాను.

జూన్ 17

రాలేదు. జ్వరమేమో. వానలు పడుతున్నాయి కదా.

జూన్ 19

జ్వరం కాదు. ధనలక్ష్మి చెప్పింది. ఆ పిల్లా పదిమందిలోదే, పెదవాల్తేరులో ఉంటుంది, జాలరిపేటకి కూతవేటు.

“బోటు రాలేదు మాస్టారూ. వాళ్ళ పక్క బోట్లన్నీ శుక్రవారమే వచ్చేసాయంట. శనివారం పొద్దున్న సూర్యకళే వాళ్ళమ్మకి చెప్పేసింది, క్లాసులో ఇలాగ అన్నానని. ఇంక చూడండి మాస్టారూ, పేటంతా తెలిసిపోయింది. ఎదురైతే ఆడోళ్ళు పక్కకి తప్పుకుంటున్నారు.”

నవీన్ విన్నాడు. విని, “పాపం,” అన్నాడు. అని, బొటనవేలికి ఉమ్మి రాసుకుని బోర్డు మీద నాలుగో పేరు తుడిచేసి ఇంకో పేరు రాశాడు. డస్టరు పక్కనే ఉంది. ఉమ్మే కావలసొచ్చింది. నేను చాక్‌పీసు తీసుకుని పాఠం మొదలెట్టాను. నా సంగతి కూడా అంతకంటే శుభ్రంగా ఏమీ లేదు.

జూన్ 20

తుపానేదీ లేదని పేపర్లో ఉంది. పేపరువాడు ఏనాడైనా తడిశాడా?

అన్నం సయించలేదు. బీరకాయ చేదు.

జూన్ 21, బుధవారం

వచ్చింది. బోటులో అందరూ క్షేమం. ఇంజను చెడిపోయి కొట్టుకుపోతుంటే కళింగపట్నం దగ్గర ఇంకో బోటువాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారట. అప్పలరాజుకి నీరసం తప్ప ఏమీ లేదట.

చెప్పానా? ఇంజను! గడువూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇనుపముక్క అరిగిపోతే ఎవరి నోటికి సంబంధం? సాయంత్రం రామలక్ష్మి చేసిన ఉప్మా అద్భుతంగా ఉంది. రెండోసారి పెట్టించుకున్నాను. “నిన్నటి రవ్వే అది,” అంది అదోలా చూసి.

రేపు సూర్యకళ వస్తుంది.

జూన్ 22

రాలేదు.

జూన్ 23

ఈ వేళ రెండు ముచ్చట్లు. రెండూ కంపరమే.

మొదటిది. ఉద్యోగం రాత్రిపూటట. ఈ సంగతి నవీన్‌కి ముందే తెలుసు, చెప్పకుండా దాచాడు. తెలియగానే ధనలక్ష్మి తండ్రి వచ్చి, ఆడపిల్ల చీకట్లో కారెక్కి పోవడమేమిటని అరిచి, కూతురి పేరు తీయించేశాడు. పదిమంది లేకపోతే అసలు బ్యాచ్‌నే చూడబోమంది కంపెనీ. పరీక్ష వచ్చే గురువారం. నవీన్ నా దగ్గరకొచ్చి, చెయ్యి పట్టుకుని, “మాస్టారూ, ఆ చేపల పిల్లని మీరే ఎలాగోలా తీసుకురావాలి. గోల్డ్ ఆ పిల్ల!” అన్నాడు. ఉమ్మిచ్చి తుడిచిన బంగారం.

రెండోది ధనలక్ష్మి పోతూపోతూ చెప్పింది. బోటు నడిపే సరంగు సత్యం అప్పలరాజుని ఎక్కనివ్వనంటున్నాడట. ఇంట్లో గడువు పెట్టిన మనిషిని వెంటపెట్టుకుని నీళ్ళమీదికి పోను అన్నాడట. అన్నకి పని పోయిందంటే, చెల్లెలు చదువంటూ గుమ్మం దాటేదెలా?

జూన్ 24, శనివారం

జాలరిపేట వెళ్ళాను. చాలా ఏళ్ళకి.

గంగాలమ్మ వాకిట్లో కత్తిపీట ముందేసుకుని, ఉప్పు వెయ్యడానికి చేపలు చీరుతోంది. చుట్టూ ఈగలు. నన్నెప్పుడూ చూడకపోయినా ఇట్టే పోల్చింది.

“రా రా, ఇంగిలీసు బాబూ! ఒలే సూరీకళా, మీ మేస్టరొచ్చినాడు, పీటెయ్యి. నా కొడుకు తిరిగొచ్చినాడు గాబట్టి కూకోడానికి పీట. లేపోతే ఈ కత్తిపీటే ఎక్కించీదాన్ని.”

కూర్చున్నాను. కంపెనీ సంగతి చెప్పాను. రాత్రి పని అని కూడా దాచకుండా చెప్పాను, నవీన్‌లా కాకుండా. ఆ మాట వినగానే పకపకా నవ్వింది.

“రాతిరి పనికి బయపడితే మా పేటలో పొయ్యెలిగీదేటి బాబూ? నా మొగుడు, నా కొడుకు రేయీ పగలూ సూసి పోయినారేటి ఏనాడైనా? కారెట్టి తీసుకెళ్ళి, కారెట్టి దించుతారంటే ఇంకేటి కావాల! అది గాదు నా బాద.”

“సరంగు సంగతేగా?”

“ఆడిది తప్పు గాదు. ఆడి బోటులో ఏడుగురు పానాలున్నాయి. దీనికో కట్టుబాటుంది. గడువెట్టినోళ్ళు రేవుకొచ్చి, బోటోళ్ళ ముందర నిలబడి ఒప్పుకోవాల. నెత్తిన సముద్రం నీళ్ళు పోయించుకోవాల. బోటు కదిలితే సముద్రానికి ఎన్ను తిప్పి కూకోవాల, ఇంజను సప్పుడు ఇనబడినంతసేపూ. అంతే, తీరిపోద్ది.”

“మరి సూర్యకళ చేస్తే సరిపోతుంది కదా.”

చేప చీరడం ఆపింది. “సేయమంటే సేస్తాది. సేసినాక? కూడబుట్టినోడికి గడువెట్టిన సెల్లెలని సచ్చినదాకా అంటారు పేటోళ్ళు. ఆ మొకమేసుకుని ఏ ఉజ్జోగానికి పోద్ది?” చేతిలో ఉన్న చేపతో నన్ను చూపించింది. “అన్నాది అదే. అనిపించినోడు లేడేటి?”

సూర్యకళ లోపల తలుపు దగ్గర నిలబడి గొళ్ళేనికి పట్టిన తుప్పు గోళ్ళతో గీకుతోంది. “అమ్మా, అది గాదే...” అంది.

“నువ్వు నోరుముయ్యి. ఒకపాలి తెరిసినావు, సాలు.”

ఆలోచించి చెబుతానని లేచాను. పంచె వెనక చేప పొలుసులు. బస్సులో పక్కవాడు ముక్కు మూసుకుని లేచిపోయాడు.

జూన్ 25

వెళ్ళను. డెబ్భై దగ్గరపడిన మనిషిని. ముప్ఫైమూడేళ్ళు ఓడల మధ్య బతికి, ఎవడూ చెప్పకుండా పుస్తకాలు చదివి, జాతకం లేదు, ముహూర్తం లేదు అని చుట్టాలందరితో తగవులు పెట్టుకున్నవాణ్ణి. నెత్తిన నీళ్ళు పోయించుకోవాలా? ఇంజను అరిగిందయ్యా, ఇంజను!

జూన్ 26

వెళ్ళను.

రామలక్ష్మి ఏమీ అనడం లేదు. అనకపోవడంలో ఆవిడకి సాటి లేదు.

జూన్ 28, బుధవారం

వెళ్ళాను.

తెల్లారిన గంటకి హార్బర్లో ఉన్నాను. పాచి, డీజిలు, ఐసు కరిగిన నీళ్ళు, చేపల పేగుల మీద కొట్టుకుంటున్న కాకులు. ప్రపంచంలోని కంపంతా అక్కడే పోగుపడి నాకోసం కాచుక్కూచున్నట్టుంది. బోటు దగ్గర సత్యం, అతని మనుషులు. అప్పలరాజు విడిగా, సంచి భుజాన వేసుకుని. ఒడ్డున గంగాలమ్మ, సూర్యకళ.

“ఏటి మేస్టారూ,” అన్నాడు సత్యం, మర్యాదగానే. “ఎవులెట్టినారు గడువు?”

దారిలో పెద్ద ఉపన్యాసం కట్టుకున్నాను. నాకీ నమ్మకాలు లేకపోయినా మీ మనోభావాలను గౌరవించి, అంటూ. నోరు తెరిస్తే అదెక్కడికో పోయింది.

“నానే. ఆ పిల్ల వద్దన్నాది. నానే పట్టుబట్టి అనిపించినాను.”

నలభై ఏళ్ళుగా సబ్బు పెట్టి తోముకుని వదిలించుకున్నాననుకున్న మా ఊరి మాట అది. ఎక్కడ దాక్కుందో. బోటు మీంచి ఒకడు, “ఒరే బావా, ఇంగిలీసు మేస్టరు మనలాగే మాట్లాడతన్నాడ్రోయ్!” అన్నాడు. నవ్వారు. సత్యం నవ్వలేదు. తాడు కట్టిన బకెట్ దించి, నీళ్ళు తోడి, నా నెత్తిన పోశాడు. చెవిలో ఏదో మెత్తగా దూరింది. తీసి చూస్తే చేప పేగు.

“ఎక్కరా,” అన్నాడు అప్పలరాజుతో.

సముద్రానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా వేలం షెడ్డు. చేపలు కొనడానికొచ్చిన ఒకావిడ నా ముందు ఆగి, “ఈ తాతేటమ్ముతన్నాడే?” అని గంగాలమ్మని అడిగింది.

“పరువు,” అంది గంగాలమ్మ. “బేరం అయిపోనాది, పో.”

ఇంజను చప్పుడు చాలాసేపు వినిపించింది. నాకేమో ఈ మధ్య చెవులు సరిగా పనిచెయ్యవు, ఆ ఒక్క చప్పుడు మాత్రం పోనే పోదు. తిరిగి చూడాలనిపించింది. చూడలేదు. గంగాలమ్మ నా తడిసిన చొక్కా చూసి, “రేపు పంపుతాను దాన్ని,” అంది.

సూర్యకళ ఏడుస్తుందేమో అనుకున్నాను. పాలిపోయిన మొహంతో నన్నే చూస్తోంది. పాపం, నా అవస్థకి జాలిపడుతోందనుకున్నాను.

జూన్ 29

పరీక్షకి వెళ్ళింది. తలుపు దగ్గర కాస్త గట్టిగా మాట్లాడమని చెప్పానంతే.

రెండుసార్లు తలంటుకున్నా జుట్టు వాసన పోలేదు. రాసుకోకూడదు గానీ, మనసు తేలిగ్గా ఉంది. ఈ వయసులో తప్పు ఒప్పుకునేవాళ్ళు ఎందరుంటారు?

జూలై 1

ఇరుగుపొరుగుకి హార్బర్ కథ చెప్పాను. పేగు ముక్క దగ్గర బాగా నవ్వారు. “నాను” అన్న చోట కొంచెం గొంతు తగ్గించి చెబితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు.

జూలై 3, సోమవారం

సూర్యకళకి ఉద్యోగం వచ్చింది. పదిమందిలో ముగ్గురికి వచ్చింది, ఒకటి ఈ పిల్లది. అప్పలరాజు కూడా నిన్న తిరిగొచ్చాడట, చేపలు బాగా పడ్డాయట. సాయంత్రం ఈ కబురు చెప్పడానికి మా కంచరపాలెం ఇంటికే వచ్చింది. రామలక్ష్మి కాఫీ కలపడానికి లోపలికెళ్ళింది.

“మాస్టారూ, ఒకటి చెప్పి వెళ్ళిపోతాను.”

“కూర్చో అమ్మా. మనలో మనకి థాంక్సులు ఎందుకు.”

“థాంక్స్ కాదు మాస్టారూ.” నిలబడే ఉంది. “మీరు రేవులో చెప్పింది నిజం కాదు. మీరు మూడుసార్లు అడిగారు. నేను ఏడిస్తే వదిలేసేవారు. నాకు తెలుసు. ఏడుద్దామనే అనుకున్నాను. అప్పుడు నవీన్ సార్ చేతిలో డస్టరు చూశాను. నా పేరు చూశాను. అన్న ఎన్నిసార్లు వెళ్ళాడు, ఎన్నిసార్లు వచ్చాడు, ఈసారి రాకపోతాడా అని లెక్కేసుకున్నాను. లెక్కేసుకునే అన్నాను.”

“నీకు ఆ నమ్మకం లేదేమో, అందుకే...”

“ఉంది మాస్టారూ. మీకు లేదు గానీ నాకుంది. నమ్మే అన్నాను. మా అన్నని పణం పెట్టి అన్నాను.”

లోపల గిన్నె చప్పుడు.

“మరి రేవులో చెప్పలేకపోయావా? ఆ నీళ్ళు నా నెత్తిన పడకముందు?”

“చెప్తే నన్ను పరీక్షకి పంపేవారా?” అంది. “మీరు తడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. నన్ను చూస్తే నాకే రోతగా ఉంది మాస్టారూ. ఎవరో ఒకరికి చెప్పాలి. మా ఇంట్లో చెప్పలేను కదా.”

చెప్పులేసుకుంది. కాఫీ తాగి వెళ్ళమన్నాను. ఈ రాత్రి నించే పనని, కంపెనీ బండి వస్తుందని, వేళ మించిపోతోందని మెట్లు దిగిపోయింది.

నాకు కోపం రావాలి. రాలేదు. ఐదు రోజులుగా నా తప్పుని నేనే ముద్దు చేసుకుంటూ, జోకొడుతూ, వీధివీధికీ తిప్పి చూపించుకుంటున్నాను. ఈ పిల్ల వచ్చి అది కూడా తనదేనని పట్టుకుపోయింది. నా వంతుకి మిగిలింది చూసుకుంటే ఆ డస్టరుగాణ్ణి గుమ్మంలోంచి పొమ్మనకపోవడం. దానికి నీళ్ళు పోసే రేవు ఎక్కడా లేదు.

రామలక్ష్మి రెండు గ్లాసులతో వచ్చింది. “ఎల్లిపోనాదేటి? ఏటన్నాది మావా అంతసేపు?”

“ఉద్యోగం వచ్చిందట.”

“అంతేనా?”

“ఇంకేముంటుంది? నానే బలవంతపెట్టి అనిపించినాను కదా, ఆ మాటే మళ్ళీ అనుకున్నాం.”

నా మొహంలోకి కాసేపు చూసింది. రెండు గ్లాసులూ నా ముందే పెట్టి లోపలికెళ్ళిపోయింది. సూర్యకళది కూడా నేనే తాగాను. చల్లారిపోయి, మీగడ కట్టి, పరమ వెగటుగా ఉంది. చివరిదాకా తాగాను.